తెల్ల కొండల మీద నిజాం దస్తార్

ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో ఎమ్మెస్సీ చదువుతున్న రోజుల్లో, పరీక్షలు ముగిసిన మరుసటి శనివారం, వరంగల్ నుంచి వచ్చిన నా గదిమిత్రుడితో కలిసి డోవర్ వెళ్లాను. రైలులో అరగంట ప్రయాణం. కోట చూసి సాయంత్రానికి తిరిగి రావాలనుకున్నామే తప్ప, మలక్‌పేటలోని మా ఇంటి ముచ్చట ఒకటి అక్కడ ఎదురవుతుందని నేను ఊహించలేదు.

కోట కింద సుద్దరాతి కొండను తొలిచి సొరంగాలు వేశారు. ఫ్రాన్స్‌లోని డంకర్క్ తీరంలో చిక్కుకున్న 3,38,000 మందికి పైగా సైనికులను 1940 మే 26 నుంచి జూన్ 4 వరకు ఓడల్లో తరలించిన పనిని అడ్మిరల్ రామ్సే నడిపించింది ఇక్కడి నుంచే. ఆ తీరంలో మన దేశం నుంచి కంచర గాడిదలతో వెళ్లిన దళాలు కూడా ఉన్నాయని నేను అంతకు ముందే చదివి ఉన్నాను. సందర్శకుల రద్దీలో ఎక్కడా నిలబడి చూసే వీలు లేకపోవడంతో తొందరగానే బయటపడ్డాం.

మధ్యాహ్నం బస్సెక్కి, ఫోక్‌స్టోన్ దారిలో ఉన్న కేపెల్-లె-ఫెర్న్ అనే పల్లెలో దిగాం. సముద్రం అంచున, కొండ మీద, 1940 జూలై 10 నుంచి అక్టోబర్ 31 వరకు జర్మన్ విమానాలతో ఆకాశంలో సాగిన బ్రిటన్ యుద్ధానికి అక్కడ స్మారకం ఉంది. విమానపు పంకా ఆకారంలో పరిచిన నేల నడుమ, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని సముద్రం వైపు చూస్తున్న యువ వైమానికుడి శిల్పం. కొంచెం దూరంలో దాదాపు 3,000 పేర్లున్న నల్లని గోడ. గాలి ఎంత విసురుగా ఉందంటే మేము పక్కపక్కనే నిలబడి కూడా కేకలేసుకుని మాట్లాడుకోవలసి వచ్చింది.

శిల్పం కూర్చున్న రాతి చుట్టూ యుద్ధంలో పాల్గొన్న స్క్వాడ్రన్ల, అంటే విమాన దళాల, చిహ్నాలు చెక్కి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూస్తూ పోతుంటే సాలార్‌జంగ్ మ్యూజియం చిత్రపటాల్లో చిన్నప్పటి నుంచి చూసిన తలపాగా కనిపించింది. అది నిజాం దస్తార్. 152వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్’ అన్న పేరు, ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అన్న నినాదం ఉన్నాయి. బ్రిటిష్ వారు నిజాంకు ఇచ్చిన బిరుదే ఆ నినాదమైంది. ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి లేచి పోర్ట్‌లాండ్ నౌకాకేంద్రాన్ని కాపాడాయి. హరికేన్ విమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్ పేరులో కూడా హైదరాబాద్ రాష్ట్రం ఉంది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం ఇచ్చిన విరాళాలకు గుర్తుగా పెట్టిన పేర్లివి.

నేను వెంటనే మా బాపమ్మకు వీడియో కాల్ చేసి ఆ రాయి చూపించాను. జనగామ దగ్గరి పల్లెలో పుట్టిన ఆమెకు ఆ యుద్ధమంటే స్పిట్‌ఫైర్లు కావు, లెవీ గల్లా, అంటే సర్కారు వసూలు చేసిన ధాన్యం. కాసేపు తేరిపార చూసి, “గది నిజాం పగిడి గదా బిడ్డా, గాడి దాంక ఎట్లొచ్చింది?” అని అడిగింది. విమానాలకు పైసలిచ్చాడని చెప్పాను. “ఇయ్యడా మరి, మా నాయిన గరిసెలు ఊడ్చి కట్టిండు,” అన్నది. లెవీ ధాన్యం యుద్ధకాలపు తిండి కొరతకు వసూలు చేసినదే కాని విమానాలకు కాదని నేను సర్దిచెప్పబోయాను. కాని శిస్తు కట్టింది కూడా వాళ్ల నాయినే కాబట్టి, ఆ వాదాన్ని పొడిగించలేకపోయాను.

డిసెంబరులో లండన్ శివారు హెండన్‌లోని వైమానిక మ్యూజియానికి వెళ్లడానికి ఈ మాటే కారణం. అక్కడున్న డీహెచ్-9ఏ విమానం మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఖర్చుతో సమకూరిన 110వ స్క్వాడ్రన్‌ది. 1918లో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధంలో పోలండ్ చేరి, 1977లో బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. దాని పక్క భాగాన, అది హైదరాబాద్ నిజాం ప్రభువు కానుక అని రాసి ఉంది. దాత పేరు అంత స్పష్టంగా ఉన్నందుకో ఏమో, నేను ఆ విమానాన్ని చూసిన దానికన్నా ఆ రాతనే ఎక్కువసేపు చదివాను.

ఇంటికి వచ్చాక ఆ ఫొటో బాపమ్మకు చూపించాను. ఆమె కళ్లద్దాలు సవరించుకుని చూసి, విమానం గురించి ఏమీ అడగలేదు. లెవీ నాడు కుంచం మీద గింజలు కుప్పగా నిలిచేదాకా పోయించుకున్నారని, జారి కింద పడ్డవి కూడా ఎత్తుకుపోయారని చెప్పింది.