రిమాండ్‌లో టీబీ: మందు ఎక్కడ తెగుతుంది

ఎన్నికల కేసుల్లో లోపలికి పోయిన మనిషికి టీబీ వస్తే, తగ్గే రోగమే అది. ఆరు నెలలు మందు తెగకుండా చూసుకోవడమే కష్టం. నాకు జైల్లోనే బయటపడింది, తగ్గింది. మధ్యలో ఎక్కడెక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగుతుందో తెలిసింది కాబట్టి రాస్తున్నా. ఏ పార్టీ అని అడగొద్దు. మా కడప, అనంతపురం, కర్నూలు వైపు పోలింగ్ నాడు బూత్ దగ్గర గొడవ జరిగితే, లెక్కింపు అయ్యాక ఓడినవాళ్ల పేర్లే ఎక్కువ కేసుల్లో కనబడతాయి. జెండాలు మాత్రం మారుతుంటాయి.

ముందు కేసు సంగతి చెప్పాలి. మందు ఆగడం, ఆగకపోవడం దీని మీదే నడుస్తుంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే మామూలుగా అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపాలని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు, బెయిల్ లాంటివి ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో అది 41ఏ సెక్షన్, దాని బదులు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 35. అందుకే బూత్ దగ్గర రాయి తగిలినా హత్యాయత్నం సెక్షన్ పెడతారు: నేరాలు, శిక్షలు రాసిన పాత చట్టం ఐపీసీలో 307, ఇప్పుడు బీఎన్‌ఎస్‌లో 109. అది పడితే నోటీసు మాట ఉండదు. గాయం కూడా ఉందంటే చార్జిషీటుకు పోలీసులకు 90 రోజులు, ఆ లోపు డిఫాల్ట్ బెయిల్ (గడువులో చార్జిషీటు వేయకపోతే హక్కుగా వచ్చేది) అడగడానికి లేదు. ఎఫ్ఐఆర్‌లో కొన్ని పేర్లు రాసి చివర ‘మరికొందరు’ అని వదిలేస్తారు. ఆ ఖాళీలో తర్వాత ఎవరి పేరైనా పట్టిస్తారు. ఒక కేసులో బెయిల్ చేతికొచ్చే సరికి ఇంకో స్టేషన్ కేసులో పీటీ వారెంట్ వస్తుంది, అంటే జైల్లో ఉన్న మనిషిని ఆ కేసు నడిచే కోర్టుకు పంపమనే ఉత్తర్వు. ఈ పీటీ వారెంటే టీబీ రోగికి అసలు ప్రమాదం. దాని దగ్గరికి మళ్లీ వస్తా.

బ్యారక్‌లో దగ్గు అందరికీ ఉంటుంది. “ఏం కాదులే అన్నా, లోపలి గాలి పడక” అంటారు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రమయ్యే సరికి ఒళ్లు వెచ్చబడటం, రాత్రి బనియన్ తడిసేంత చెమట, నడుం దగ్గర లుంగీ వదులు కావడం - నాకు ఈ నాలుగూ కలిసి వచ్చాయి. ఒక్కటి ఉన్నా చెప్పాల్సిందే. సాయంత్రం లాకప్ చేసినప్పటి నుంచి తెల్లారే దాకా భుజం భుజం ఆనించి పడుకుంటారు, గాలి ఆడేది ఆ కమ్మీల్లోంచే. టీబీ సోకడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. అయితే క్రిమి ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రపోతూ కూడా ఉండగలదు కాబట్టి సోకింది లోపలేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. కోర్టులో ఆ వాదన పెట్టుకుని సమయం పోగొట్టుకోవద్దు.

ఆసుపత్రికి పోవాలంటే ఎస్కార్ట్‌కు ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసులు రావాలి. లెక్కింపు, ప్రమాణ స్వీకారం, ఎవరో మంత్రి పర్యటన, ఏదో ఒక బందోబస్తు ఉంటుంది, ఎస్కార్ట్ దొరకదు. మనిషిని పంపలేకపోతే తెమడను పంపొచ్చు. ఈ మాట గుర్తు చేస్తే తప్ప ఎవరికీ తట్టదు. రెండు నమూనాలు తీస్తారు, వాటిలో ఒకటి తెల్లవారి లేవగానే తీసింది కావాలి. నోరు నీళ్లతో పుక్కిలించి, రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి లాగి, ఛాతీలోంచి దగ్గి తీయాలి. పల్చటి ఉమ్మి ఇస్తే జబ్బు ఉన్నా లేదనే రావచ్చు. తీసేటప్పుడు బ్యారక్‌లో కాదు, ఆరుబయట తీయాలి. తెమడలో టీబీ క్రిమి జన్యువును పట్టే మిషన్ పరీక్షలు సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చేయమని అడగండి. సీబీనాట్ మిషన్‌లో పెట్టాక సుమారు రెండు గంటల్లో టీబీ ఉందా లేదా, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందా లేదా రెండూ తెలుస్తాయి. జైల్లో అడిగినా కదలకపోతే, రిమాండ్ పొడిగింపుకు వీడియోలో మేజిస్ట్రేట్ ముందు కూర్చోబెట్టినప్పుడు నోరు విప్పాలి. “దగ్గు రెండు వారాలు దాటింది సార్, పరీక్ష చేయించలేదు” అంటే చాలు, రికార్డులో రాయమని కోరండి. రాతలో పడ్డాక పని కదులుతుంది.

మందు సంగతి సులువే. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు: ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి: 35 నుంచి 49 కిలోలకు రోజుకు 3, 50 నుంచి 64కు 4, 65 నుంచి 75కు 5. అన్నీ ఒకేసారి మింగాలి. పొద్దున నాలుగు, సాయంత్రం ఒకటి అని పంచుకోకూడదు. పరగడుపున మేలు, వాంతి వస్తుంటే కొంచెం తిని వేసుకోవచ్చు. బరువు చూడకుండా అరెస్టు నాటి కాగితంలోని అంకె చూసి మాత్రలు ఇస్తే తప్పు లెక్క అవుతుంది. లోపల మనిషి తగ్గిపోతాడు, తూకం వేయించుకోవాలి. కోలుకునేటప్పుడు ఐదు కిలోలకు మించి పెరిగి పై వరుసలోకి పోతే మాత్రలూ పెంచాలి.

మూత్రం నారింజ రంగులో వస్తే అది రిఫాంపిసిన్, భయం లేదు. అరికాళ్లు మంటలు పుడితే ఐసోనియజిడ్ వల్ల. బీ6 మాత్ర అడగాలి. కీళ్ల నొప్పులు పైరజినమైడ్‌వి, రెండు నెలల్లో ఆ మందుతో పాటే పోతాయి. ఎరుపూ పచ్చా తేడా తెలియకపోతే, చూపు మసకబారితే ఇథాంబుటాల్ అని అనుమానించి ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. కళ్లు పచ్చబడి, అన్నం చూస్తేనే వికారం పుడితే లివర్ దెబ్బతింటున్నట్టు. అప్పుడు మాత్రలు ఆపి డాక్టరుకు చూపించాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది: రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల బలం తగ్గించేస్తుంది. మందు మొదలైన వారాల్లో షుగర్ పెరిగితే తిండి మీద తోసేయొద్దు.

ఇక పీటీ వారెంట్. పొద్దున పిలుస్తారు, బట్టలు మూట కట్టుకోమంటారు, వ్యాన్ ఎక్కిస్తారు. మాత్రలు మన దగ్గర ఉండవు, జైలు ఆసుపత్రి బీరువాలో ఉంటాయి. కొత్త కోర్టు, కొత్త రిమాండ్, కొత్త జైలు. అక్కడ “ఏం మందులు?” అని అడుగుతారు, పాత జైలు నుంచి కాగితం రావాలంటారు. ఆ కాగితం కదలడానికి పట్టే రోజులే మందు తెగే రోజులు. నాకూ అక్కడే తెగింది. తప్పిన మోతాదులు చివర్లో కలుపుతారు. నెల లేదా అంతకు మించి వరసగా ఆగితే చికిత్స మానేసిన రోగి కింద రాస్తారు, మందు పనిచేస్తుందో లేదో మళ్లీ పరీక్ష చేయాలి. కాబట్టి చికిత్స కార్డు ఫొటో, నిక్షయ్ ఐడీ నంబరు ములాఖత్‌కు వచ్చే మనిషి ఫోన్లో మొదటి వారంలోనే ఉండాలి. నిక్షయ్ దేశమంతా ఒకటే ఆన్‌లైన్ రికార్డు, ఏ జిల్లాకు మార్చినా పాత టీబీ యూనిట్ బదిలీ చేస్తే కొత్త యూనిట్ తీసుకుంటుంది. వారెంట్ వచ్చిందని తెలియగానే వకీలు కంటే ముందు ఇంటివాళ్లు ఫోన్ చేయాల్సింది టీబీ సూపర్‌వైజర్‌కు. వారం మాత్రలు మనతో పాటు పంపమని వ్యాన్ ఎక్కక ముందే డాక్టరు చేత రాయించుకోవాలి.

టీబీ ఉంది కదా, బెయిల్ ఇస్తారు అనుకుంటారు. జబ్బుపడ్డ వాళ్లకు బెయిల్ ఇవ్వొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ 480లో ఉంది, పాతది 437. కానీ ప్రాసిక్యూషన్ లేచి “వైద్యం లోపలే అందుతోంది” అంటుంది, అది చాలాసార్లు నిలుస్తుంది. ‘అనారోగ్యం’ అని ఒక్క మాట రాసిన సర్టిఫికెట్ ఎందుకూ పనికిరాదు. తెమడ రిపోర్టు తేదీ, బరువు, ఏ రోజుల్లో మందు అందలేదు, ఆసుపత్రి తేదీ ఎందుకు తప్పింది, ఇవి ఉండాలి. నా లెక్కన కేసు బలహీనతల మీద వాదించి, జబ్బును పక్కన చేర్చడమే మంచిది.

బెయిల్ వచ్చాక కూడా ఒక గండం ఉంది. ఊళ్లోకి, మండలంలోకి రాకూడదని షరతు పెడతారు. మందు ఇచ్చే పీహెచ్‌సీ ఆ మండలంలోనే ఉంటుంది. ఉండబోయే చుట్టాల ఊరి పీహెచ్‌సీకి బదిలీ రాయించుకున్నాకే జైలు గేటు దాటండి.

తిండికి నిక్షయ్ పోషణ్ కింద 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, పాస్‌బుక్ నకలు ఇంటివాళ్లు ఇవ్వాలి. రాగి సంగటి, పప్పు, ఉడికిన గుడ్డు, గుప్పెడు శెనక్కాయలు, అంతకు మించి ఖరీదైన పొడులేమీ వద్దు. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే ముందుగా వాళ్లకు పరీక్ష చేయించి, జబ్బు లేకపోతే నివారణ మందు మొదలుపెట్టించండి. మనతో పక్కపక్కన పడుకున్న బ్యారక్ వాళ్లకూ పరీక్ష జరగాలి. దానికి మనమే అర్జీ రాయొచ్చు.

కోర్సు ముగిశాక తెమడ పరీక్ష శుభ్రంగా వచ్చినా, రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. ఎక్స్‌రేలో మచ్చ మాత్రం ఉండిపోవచ్చు. వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి, మళ్లీ రిమాండ్ పడితే జైల్లో చేర్చుకునేటప్పుడు చేసే వైద్య పరీక్షలో ఆ మచ్చ చూసి మొదటి నుంచి మందు పెట్టే ప్రమాదం ఉంది. చికిత్స పూర్తయిన కార్డు రెండు జిరాక్సులు తీయించి, ఒకటి వకీలు ఫైల్లో బెయిల్ ఆర్డర్‌తో కలిపి పెట్టించండి.