సగం లెక్క, సగం వదిలేసిన రంగు – నా అనుభవం

నాలుగడుగుల కాన్వాస్‌ని నిలువునా రెండుగా విడదీశాను. ఎడమ సగంలో పొద్దుతిరుగుడు పువ్వు గింజలు, చుక్క చుక్కా లెక్కకట్టి పెట్టాలి. కుడి సగంలో రంగు పోసి దాని దారిన దాన్ని వదిలేయాలి. ఒకవైపు సైన్సు, క్రమం. ఇంకోవైపు ప్రకృతి, గందరగోళం. అదీ ఆలోచన.

గింజలకు 1979లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హెల్ముట్ వోగెల్ ఇచ్చిన సూత్రం వాడాను. ప్రతి చుక్కనీ దాని ముందు చుక్క నుంచి 137.5 డిగ్రీలు తిప్పి పెట్టాలి. మధ్య నుంచి దూరం చుక్క వరుస సంఖ్య వర్గమూలాన్ని బట్టి పెరగాలి. ముందు కాగితం మీద 137తో వేసి చూశాను. ఆ అర డిగ్రీకే గింజల మధ్య వంకర చారలుగా ఖాళీలు పడ్డాయి! 137.5 పెట్టగానే ఎక్కడా సందు లేకుండా సర్దుకున్నాయి. అంచు దగ్గర ఒకవైపు తిరిగే వరుసలు 34, రెండోవైపు తిరిగేవి 55. కర్నూలు దగ్గర చేలోంచి తెచ్చుకున్న పువ్వులో లెక్కపెట్టినా అవే అంకెలు. మొక్క చేతిలో కోణమానిని లేదు. కొత్త గింజ ఎక్కడ చోటు ఎక్కువుంటే అక్కడ పుడుతుంది, అంతే. ఆ కోణం అలా వచ్చిందే.

కుడి సగమే టెన్షన్ పెట్టింది. కాస్త వాలు ఉన్నా రంగు ఒక పక్కకు జారిపోతుంది. అందుకని రసమట్టం పెట్టి చూసుకుంటూ కాన్వాస్ కింద అట్టముక్కలు దోపాను. ముందు నలుపు పోసి, దాని మీద టైటానియం వైట్ పోశాను. తెలుపు బరువెక్కువ. అది కిందికి దిగుతుంటే తేలికైన నలుపు గుండ్రటి మచ్చలుగా పైకి వచ్చింది, మచ్చ మచ్చకీ చుట్టూ తెల్లటి అంచు. మెక్సికో చిత్రకారుడు సికైరోస్ 1930లలోనే ఈ పద్ధతి పట్టుకున్నాడు. 1936లో న్యూయార్క్‌లో ఆయన నడిపిన వర్క్‌షాప్‌లో తర్వాత రంగు చిలకరించే చిత్రాలతో పేరు తెచ్చుకున్న జాక్సన్ పొలాక్ కూడా, అప్పటికి కుర్రవాడు, ఉన్నాడు. మెక్సికో శాస్త్రవేత్తలు దీన్ని ల్యాబులో మళ్లీ చేసి చూసి, కారణం సాంద్రతల తేడా అని 2015లో తేల్చారు.

దాంతో నా పంపకం తారుమారైంది. లెక్కతో వేసిన సగం నిజానికి పొలంలోది, ప్రకృతిదే. వదిలేశాననుకున్న సగంలో ప్రతి మచ్చనీ రంగు బరువు, చిక్కదనం, పొర మందం నడిపిస్తున్నాయి. ఇక మధ్యలో గీత ఎందుకు? దాన్ని చెరిపేసి, గింజల వరుసల్ని నల్లమచ్చల్లోకి కొనసాగించాను. కొన్నిచోట్ల సూత్రం చూపిన స్థానంలో అప్పటికే మచ్చ ఉంది. అక్కడ బ్రష్ పెట్టలేదు.

వార్నిష్ ఇంకా వేయలేదు. మందంగా పోసిన అక్రిలిక్ రంగు పైకి ఆరినట్టే ఉన్నా లోపల తడి చాలా రోజులు ఉంటుంది.