వీధి కుక్కకి లిఫ్టెందుకన్నారు: దేశీ కుక్కని ఫ్లాట్‌లోకి తెచ్చుకున్న నా అనుభవం

"వీధి కుక్కలకు లిఫ్టులో ప్రవేశం లేదు" అని మా బ్లాక్ నోటీసు బోర్డుకి అంటించిన కాగితాన్ని ఎట్టకేలకు నిన్న పీకేశారు. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో ఉంటూ రెస్క్యూ కుక్కని, అందులోనూ మన దేశీ కుక్కని తెచ్చుకోవాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది. కుక్కని సిద్ధం చేయడం కష్టమేం కాదు. కాగితాలు సిద్ధం చేసుకోవాలని మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు.

దత్తత తీసుకోవడం చాలా తేలిక. షెల్టర్ వాళ్ళు ఒక ఫారం ఇస్తారు, ఆధార్ జిరాక్స్ అడుగుతారు, ఒకరొచ్చి ఇల్లు, బాల్కనీ గ్రిల్ చూసుకుని వెళ్తారు. 1992లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలున్నాయి. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ కూడా బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అద్దెకుంటే ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం రాయించుకోండి, వాట్సాప్‌లో "ఓకే" అంటే చాలదు. ఉద్యోగానికెళ్ళేవాళ్ళు పిల్లని కాకుండా ఏడాది దాటిన కుక్కని తెచ్చుకుంటే నయం. పిల్లకి పదహారు వారాలు వచ్చేదాకా టీకాలు సాగుతూనే ఉంటాయి, రెండు మూడు గంటలకోసారి బయటికి తీసుకెళ్ళాలి, చెప్పులు మిగలవు. పెద్ద కుక్క గుణం ముందే తెలిసిపోతుంది: పిల్లల్ని చూస్తే ఏం చేస్తుంది, గిన్నె ముట్టుకుంటే గుర్రుమంటుందా అని. షెల్టర్‌లో అన్నం పెట్టే మనిషిని పక్కకి పిలిచి అడగండి. ఆఫీసులో కూర్చున్నవాళ్ళకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు.

తర్వాత డాక్టరు. గతం తెలియని పెద్ద కుక్కకి రేబిస్ టీకా ఒకటి, డిస్టెంపర్, పార్వో, లెప్టో అన్నీ కలిపిన టీకా మూడు నాలుగు వారాల తేడాతో రెండుసార్లు. నులిపురుగుల మాత్ర బరువుని బట్టి, చాలా బ్రాండ్లలో పది కిలోలకి ఒకటి. రక్తపరీక్ష మాత్రం అడిగి మరీ చేయించండి, చూడ్డానికి బాగానే ఉంది కదా అని ఊరుకోవద్దు. మన దగ్గర వీధిలో పెరిగిన కుక్కల్లో టిక్ ఫీవర్, అంటే గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం, మామూలే. ప్లేట్‌లెట్లు రెండు లక్షలకి బాగా కిందుంటే, చిగుళ్ళు పాలిపోయుంటే, తిండి వదిలేస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఆ జ్వరం తెచ్చే ఎర్లీకియా అనే క్రిమి ఉందని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు రాస్తారు. వారానికే కుక్క గెంతులేస్తోందని మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. మాత్ర ఉత్తి కడుపున వేయకూడదు, పొడిగా మింగించకూడదు. గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండు పడుతుంది. తిండితో ఇచ్చి, పైన నాలుగు చెంచాల నీళ్ళు పట్టించాలి.

గోమార్ల విషయంలో చాలామంది కుక్క ఒంటినే చూస్తారు. కానీ ఆ పురుగు జీవితంలో ఎక్కువ భాగం గడిచేది గోడ పగుళ్ళలో, తలుపు ఫ్రేము వెనక, పరుపు కుట్టుల్లో. కాబట్టి కుక్కకి మందు వేసిన రోజే ఆ సందులూ శుభ్రం చేయాలి, పరుపు ఎండలో వేయాలి. పీకిన గోమారుని గోటితో నలపకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా లాగి, స్పిరిట్‌లో వేయండి.

వీధి కుక్కల్లో ఇంకొకటి చూసుకోవాలి. జననాంగం దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా కండ పెరిగి, రక్తం చుక్కలు పడుతుంటే అది చాలావరకు టీవీటీ, అంటే జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే క్యాన్సర్ గడ్డ. పేరు వింటే భయమేస్తుంది, ఎక్కువ కేసుల్లో వారానికొక విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున నాలుగు నుంచి ఆరు వారాల్లో నయమవుతుంది. ఆ గడ్డ చూసే చాలామంది మంచి మంచి కుక్కల్ని వద్దనుకుని వెళ్ళిపోతారు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందో లేదో చెవి చూస్తే తెలుస్తుంది. వీధి కుక్కల సంతతి తగ్గించే ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) కార్యక్రమంలో చేయించినదైతే ఒక చెవి కొస గాటు పెట్టి ఉంటుంది. ఉన్నా సరే, సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఎందుకో కింద చెప్తాను.

మున్సిపల్ లైసెన్సుకి రేబిస్ టీకా సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్, కుక్క ఫొటో దగ్గర పెట్టుకుంటే చాలావరకు పని అయిపోయినట్టే. ఏటేటా రెన్యువల్ చేయించాలి. టీకా తేదీ, లైసెన్సు తేదీ ఒకే నెలలో పడేలా చూసుకుంటే మర్చిపోరు.

ఇక అసోసియేషన్.

కుక్కని లిఫ్టులో ఎక్కించిన సాయంత్రమే గ్రూపులో మెసేజ్. తర్వాత సెక్రటరీ గారు కబురంపారు. కమ్యూనిటీ హాల్లో నలుగురు కూర్చున్నారు, నాకు మాత్రం కుర్చీ లేదు. "చూడమ్మా, ల్యాబ్రడారో, పగ్గో అయితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఇది రోడ్డు మీద తిరిగేది. రేబిస్ ఉంటే ఎవరిది బాధ్యత?" అన్నారాయన. అదే బ్లాకులో, ఐదో అంతస్తులో, ఒక హస్కీ ఉంది. సైబీరియా మంచులో బతకాల్సిన జంతువుని మే నెలలో మన ఊళ్ళో ఏసీ గదిలో బంధించి పెంచుతున్నారు. దాని టీకా కాగితం ఎవరైనా ఏనాడైనా అడిగారా అంటే సమాధానం లేదు. నా కుక్కకి టీకా వేసి ఉందా అనీ ఎవరూ అడగలేదు. వాళ్ళకి కావాల్సింది అది కాదు. పక్కనున్న ఒకావిడ అడిగింది: "ఇంత డబ్బు పెట్టి ఫ్లాట్ కొనుక్కుని, వీధి కుక్కని తెచ్చుకోవడం ఏంటండీ?" అసలు గొడవంతా ఆ ఒక్క మాటలో ఉంది.

తర్వాత వచ్చిన నోటీసులో మూడు షరతులు. మెట్ల మీంచే తీసుకెళ్ళాలి, ఎప్పుడూ మూతికి బుట్ట ఉండాలి, నెలకి అదనపు మెయింటెనెన్స్ కట్టాలి. ఈ మూడూ చెల్లవు. భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరి 26న ఇచ్చిన మార్గదర్శకాల్లో వీటన్నిటికీ జవాబుంది. మెజారిటీ తీర్మానం చేసినా, బైలా మార్చుకున్నా పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదు. కుక్క జాతి, సైజు సాకుగా చూపకూడదు. లిఫ్టు వద్దనకూడదు, దానికి విడిగా డబ్బు వసూలు చేయకూడదు, మూతిబుట్ట తప్పనిసరి అనకూడదు. ఉమ్మడి స్థలాల్లో గొలుసు పట్టుకుని నడిపించమని మాత్రం యజమానికి చెప్తాయి, అది న్యాయమే. "అవి ఉత్త సలహాలమ్మా" అని మా సెక్రటరీ గారు తీసిపారేశారు. అందుకని దాంతోపాటు ఇంకోటి పెట్టాలి: అపార్ట్‌మెంట్ బైలాల్లో పెంపుడు జంతువుల్ని నిషేధించే నిబంధనలు చెల్లవని 2021 నవంబరులో కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పు. అది మన రాష్ట్రం కోర్టు కాదనొచ్చు. కానీ హైకోర్టు అన్న మాట కాగితం మీద కనబడగానే గొంతు తగ్గే మనుషులే ఎక్కువ.

నోటిమాటగా వాదించడం దండగ. గ్రూపులో అసలు వాదించకండి, అక్కడ స్క్రీన్‌షాట్లు తీసేవాళ్ళుంటారు. ఒక ఉత్తరం టైపు చేయించి, సెక్రటరీ పేరున కాకుండా "కార్యవర్గానికి" అని రాసి, రిజిస్ట్రేషన్ పెట్టిన స్పీడ్ పోస్టులో పంపాలి, ఈమెయిల్ కూడా చేయాలి. ఎదురింట్లోనే ఉంటారు కదా, పోస్టెందుకు అనుకోవద్దు. చేతికిస్తే అందలేదంటారు. ఉత్తరంలో ఆవేశం వద్దు. రేబిస్ సర్టిఫికెట్, కలిపిన టీకా కార్డు, ఆపరేషన్ సర్టిఫికెట్, మున్సిపల్ లైసెన్సు, షెల్టర్ ఇచ్చిన దత్తత పత్రం, ఈ అయిదింటి జిరాక్సులు జతచేసి, ఒకే ఒక ప్రశ్న అడగాలి: "మీరు పెట్టిన షరతులు ఏ చట్టం, ఏ సెక్షన్ కింద పెట్టారో రాతపూర్వకంగా తెలియజేయగలరు." రాతపూర్వకంగా అనేసరికి ఎవరూ సంతకం పెట్టడానికి ముందుకు రారు. మా వాళ్ళూ రాలేదు. నాకు కుర్చీ వేయనాయన లిఫ్టు దగ్గర కనబడి "అది జనరల్‌గా పెట్టిన నోటీసమ్మా, మీ గురించి కాదు" అన్నారు. గోడ మీద మాత్రం దాన్ని అలాగే ఉంచారు. మళ్ళీ రాస్తే, మళ్ళీ అడిగితే, ఇదిగో, నిన్నటికి తీశారు.

ఎవరైనా కుక్కని కొడతామనో, మందు పెడతామనో బెదిరిస్తే అది వేరే సంగతి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఉన్నాయి, తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి. అదే చట్టం మనకీ వర్తిస్తుంది. కుక్కని పొద్దస్తమానం గొలుసుతో కట్టేసి తిప్పకపోయినా, వదిలించుకోవడానికి ఎక్కడో దింపేసి వచ్చినా అదే 11వ సెక్షన్. మన నిర్లక్ష్యం వల్ల అది ఎవరినైనా కరిచే పరిస్థితి వస్తే న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 2023లో అంబర్‌పేటలో చిన్న పిల్లాడిని వీధికుక్కలు చంపేశాక ఈ నగరంలో తల్లిదండ్రులకి ఉన్న భయం నిజం. ఆ భయాన్ని వెక్కిరించకండి. వీధి కుక్కల్ని దత్తతిచ్చేటప్పుడు అవి మళ్ళీ వీధికి చేరకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదేనని 2025 ఆగస్టు 22 ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడా అంది.

లిఫ్టు సంగతి తేలాక కుక్కకి లిఫ్టు నేర్పాలి, ఎందుకంటే దానికి ఆ ఇనుప పెట్టె కొత్త. మొదట తలుపు తెరిచి ఉంచి, లోపల ఉడికించిన చికెన్ ముక్క వేసి, తినగానే బయటికి. తర్వాత ఒక్క అంతస్తు. మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు జనం ఉండరు, అప్పుడే నేర్పండి. లోపల కుక్క మూలకి, మీరు తలుపు వైపు. చిన్నపిల్లలెవరైనా ఎక్కబోతే "మీరు వెళ్ళండి, మేం తర్వాత వస్తాం" అనండి. అడగకముందే దారిచ్చే మనిషి మీద ఫిర్యాదు రాయడం కష్టం. ఇప్పుడు మా కుక్క లిఫ్టు తలుపు తెరుచుకుంటే కూర్చుని ఎదురు చూస్తుంది. గొప్ప కోసమే చెప్తున్నా, ఐదో అంతస్తు హస్కీ ఇంకా లాక్కుంటూ పోతుంది.

మెడపట్టీ ఒక్కదానితో బయటికి తీసుకెళ్ళొద్దు. దేశీ కుక్కల తల సన్నం. బెదిరి వెనక్కి గుంజుకుంటే పట్టీ చెవుల మీంచి జారిపోతుంది, ఆటోల మధ్యలోకి పరిగెడుతుంది. ఛాతీకి వేసే హార్నెస్ ఒకటి, బిగువైన మెడపట్టీ ఒకటి, రెండింటికీ కలిపి తాడు వేయండి. పట్టీకి, మెడకి మధ్య రెండు వేళ్ళు పట్టాలి, మూడు పట్టకూడదు. ఫోన్ నంబరు చెక్కిన బిళ్ళ మొదటి రోజే తగిలించండి. తప్పిపోయేది ఎక్కువగా మొదటి వారాల్లోనే.

మొదటి మూడు రోజులు ఇంటికి చుట్టాల్ని పిలవకండి, స్నానం చేయించకండి, ఫొటోల కోసం ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి. మంచం కింద దూరితే దూరనివ్వండి. అలవాటు పడటానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు అని రెస్క్యూ వాళ్ళంటారు, ఇంచుమించు అంతే. ఇంట్లో పోస్తే అరవకండి. అరిస్తే పోయడం మానదు, మీకు కనబడకుండా సోఫా వెనక పోస్తుంది.

తిండి గురించి పెద్దవాళ్ళు "పెరుగన్నం పెడితే చాలదూ" అంటారు. చాలదు. పదిహేను కిలోల పెద్ద కుక్కకి రోజుకి దాదాపు 850 క్యాలరీలు కావాలి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ పావుకిలో, అన్నం పావుకిలో, ఒక గుడ్డు, కాస్త గుమ్మడికాయో క్యారెట్టో వేస్తే ఆ లెక్కకి దగ్గరికొస్తుంది, రెండు పూటలుగా పెట్టాలి. ఇంటి తిండే పెట్టేట్టయితే కాల్షియం ఎంత కలపాలో డాక్టర్ని అడగండి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ వద్దే వద్దు. కూరలోంచి తీసిన ఎముకలు కూడా వద్దు, ఉడికిన ఎముక ముక్కలై పేగులో గుచ్చుకుంటుంది.

ఎండాకాలంలో అరచేతి వెనకభాగం రోడ్డు మీద అయిదు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే అది నడవలేదు. పొద్దున్న ఏడులోపు తిప్పేయాలి.

ఒకవేళ ఎవరికైనా మీ కుక్క పన్ను తగిలిందా, ఆటలో గీరుకుందా, తప్పు ఎవరిదైనా సరే, కుక్కకి టీకా ఉన్నా సరే, సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగించి రేబిస్ టీకా కోసం నారాయణగూడ ఐపీఎంకో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో మీరే తీసుకెళ్ళండి. పసుపు, కారం, సున్నం పూయనివ్వద్దు. పది రోజులు కుక్కని ఇంట్లోనే గమనించి, పదకొండో రోజు డాక్టరు దగ్గర కాగితం రాయించుకుని, దాని జిరాక్సు కూడా కార్యవర్గానికి అలాగే రిజిస్ట్రేషన్ పెట్టిన స్పీడ్ పోస్టులో పంపండి.