ఓడిపోయిన రోజున దీపావళి

దీపావళి రాత్రి మా అమ్మాయి కాకరపువ్వొత్తి ముట్టుకోనంది. "ఈ ఏడు నాకు పండగ లేదు నాన్నా" అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నాకు బాగా కోపం వచ్చింది. మా నాన్నగారు పోయిన సంవత్సరం అమ్మ తెనాలి నుంచి ఫోనులో అన్న మాట అది. ఇంట్లో మనిషి పోతే అనే మాటను ఒక ఆటకు వాడటం నేను సహించలేకపోయాను. దీపాలైనా పెట్టి తీరాలని పట్టుబట్టాను. వచ్చి పెట్టింది, నా వైపు చూడలేదు.

అది 2025 అక్టోబరు 20. అదే సాయంత్రం టొరంటోలో బేస్‌బాల్ అమెరికన్ లీగ్ ఫైనల్‌లో చివరిదైన ఏడో ఆట. మేముండే సియాటిల్ జట్టు మెరైనర్స్ 3-1తో ముందున్నారు. ఇంకో ఎనిమిది మందిని ఔట్ చేస్తే వరల్డ్ సిరీస్‌లో, అంటే బేస్‌బాల్ అంతిమ పోటీలో, అడుగుపెట్టేవాళ్లే. టొరంటో ఆటగాడు జార్జ్ స్ప్రింగర్ కొట్టిన ఒక్క హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) వాళ్లకు మూడు పరుగులు వచ్చాయి. 4-3తో ఓడిపోయాం. ఈ జట్టు 1977లో మొదలైంది. మొత్తం 30 జట్లలో ఇంతవరకూ వరల్డ్ సిరీస్ ఆడనిది ఇదొక్కటే.

ఓటమి కన్నా దానికి ముందు గడిచిన సెప్టెంబరు గురించే చెప్పాలని ఉంది. ఇక్కడ సాయంత్రం ఆరూ నలభైకి ఆట మొదలైతే తెనాలిలో ఉదయం ఏడూ పది, మా అమ్మ కాఫీ తాగే వేళ. మాతో పోటీ పడుతున్న హ్యూస్టన్‌ను వాళ్ల మైదానంలోనే వరుసగా మూడు ఆటల్లో ఓడించి వచ్చాక, విభాగం గెలవడానికి, అంటే లీగ్‌లో మా గుంపు జట్లలో మొదటి స్థానంలో నిలవడానికి, ఇక మిగిలిన లెక్క మూడు. దాన్ని ఇక్కడ మ్యాజిక్ నంబర్ అంటారు. పాప ఫోను ముందు మూడు వేళ్లు చూపించి నాయనమ్మకు వివరించింది: "మనం ఒకటి గెలిస్తే ఒక వేలు ముడవాలి. హ్యూస్టన్ వాళ్లు ఒకటి ఓడినా ఒక వేలు ముడవాలి."

"అవతలివాళ్లు ఓడిపోవాలని దణ్ణం పెట్టుకోకూడదు తల్లీ" అంది అమ్మ.

"మనం గెలవాలని మాత్రమే పెట్టుకుంటే ఆలస్యమవుతుంది కదా నాయనమ్మా!"

అమ్మ ఒప్పుకోలేదు. చివరికి మన గెలుపు కోసమే దణ్ణం పెట్టుకున్నారు. సెప్టెంబరు 24న, దేవీ నవరాత్రుల్లో, మెరైనర్స్ విభాగం గెలిచారు. 2001 తర్వాత మళ్లీ అప్పుడే. మా జట్టు ఆటగాడు క్యాల్ రాలీ ఆ రోజే ఆ సీజన్‌లో తన 60వ హోమ్ రన్ కొట్టాడు. పాప తెలుగులో అన్ని వాక్యాలు ఆగకుండా మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు. నేను పెట్టిన ఆదివారం తెలుగు పాఠాలేవీ ఆ పని చేయలేదు.

కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు అడిగితే, పిల్లలను ఉన్న ఊరి జట్టును అభిమానించనివ్వండని చెబుతూ వచ్చాను. ఊరంతా ఏడ్చే రోజున తామూ ఏడిస్తేనే అది వాళ్ల ఊరవుతుందని నా నమ్మకం. ఈ జట్టు 2001లో 116 ఆటలు గెలిచింది. ఆ తర్వాత 2022 దాకా ప్లేఆఫ్స్ (సీజన్ చివర మేటి జట్లు ఆడే పోటీలు) మొహం చూడలేదు. 2023లో, 2024లో 162 ఆటలు ఆడి ఒక్క ఆట తేడాతో ఆగిపోయింది. ఆ రెండేళ్ల దుఃఖమూ పాప పూర్తిగా అనుభవించింది. నేను కోరుకున్నదీ అదే.

అయితే సెప్టెంబరు 28 ఉదయం ఆసియా కప్ ఫైనల్‌కు పాపను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాకిస్తాన్ మీద మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 పరుగులతో నాటౌట్‌గా నిలబడి గెలిపించాడు. నా కళ్లు చెమర్చాయి. పాప మర్యాదగా చప్పట్లు కొట్టి, మధ్యాహ్నం మెరైనర్స్ ఆటకు టోపీ వెతుక్కుంటూ లేచిపోయింది. ఆ మర్యాద నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది. ఇంటికొచ్చిన అతిథులు అలా చప్పట్లు కొడతారు. పాప ఇక్కడి పిల్ల కావాలని కోరుకున్నదీ నేనే, అయినందుకు నొచ్చుకుంటున్నదీ నేనే. ఈ రెండింటిలో దేన్నీ వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

దీపావళి మర్నాడు అమ్మతో పాప అన్న మాట చెప్పాను. అమ్మ నొచ్చుకుంటుందనుకున్నాను. "దానికి బాధ కలిగింది, తెలిసిన మాట అంది. 2003లో కప్పు పోయిన రోజు నువ్వు అన్నం ముట్టలేదు. మీ నాన్న నిన్ను ఒక్క మాటైనా అన్నారా?" అని అడిగింది. అనలేదు. పెరుగన్నం కలిపి గిన్నె నా పక్కన పెట్టి వెళ్లారు. నేను మాత్రం పాప చేత దీపాలు పెట్టించాను. ఇప్పటికీ అది సరైనదేనని ఒక పక్క అనిపిస్తుంది. పండగ మన ఇష్టాయిష్టాలను బట్టి వచ్చేది కాదు కదా. నాన్నగారైతే పెట్టించేవారు కారేమోనని కూడా అనిపిస్తుంది.

2026 దసరాకు తెనాలి వెళ్దామంటోంది మా ఆవిడ. ఆ దసరా కూడా ఈ దీపావళిలాగే అక్టోబరు 20నే, ప్లేఆఫ్స్ జరిగే రోజుల్లోనే. సంక్రాంతికి వెళ్తే కుదరదా అని పాప అడుగుతోంది, కారణం మాత్రం చెప్పడం లేదు. కారణం నాకూ తెలుసు. అమ్మకు డెబ్బై దాటాయి, దసరాకు వస్తామని మాట ఇచ్చి ఉన్నాం. టికెట్లు ఇంకా కొనలేదు.