జర్మనీలో అమ్మ హాట్‌స్పాట్

వీసా కోసం ఎంత తిరిగినానో దానికంటే ఎక్కువ సిమ్ కోసం తిరిగినా అంటే మీరు నమ్మరు. అక్కావాళ్ళు జర్మనీలో కాన్‌స్టాన్జ్ అనే ఊర్లో ఉంటారు, బావ అక్కడి యూనివర్సిటీలో పని, పోయిన జూన్‌లో నేనూ అమ్మా 10 రోజులకని బయల్దేరినాం. మాది మడకశిర, ఇప్పుడు ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. ఆఫీసులో టీ దగ్గర ఈ మాట అన్నానో లేదో, ఒకడు అక్కడ దిగినాక లోకల్ సిమ్ కొను అంటాడు, ఇంకొకడు ఇక్కడే రోమింగ్ ప్యాక్ వేసుకో అంటాడు, ఇంకొకాయన ఈ కాలంలో ఇంకా సిమ్ ఏంది ఈసిమ్ వేసుకో అని నవ్వుతాడు, ఈసిమ్ అంటే కార్డు లేకుండా ఫోన్‌లోకే దించుకొనే సిమ్. బావకి ఫోన్ చేస్తే, ఇక్కడ ఆల్డి, లిడ్ల్ లాంటి సూపర్ మార్కెట్లలో సరుకులతో పాటే సిమ్ దొరుకుతాది కానీ 2017 నుంచి ప్రీపెయిడ్‌కి కూడా పాస్‌పోర్ట్ చూపించి వెరిఫికేషన్ చేయించుకోవాల, వీడియో కాల్‌లో మన పాస్‌పోర్ట్ ఒక్కోసారి ఒప్పుకోరు, 10 రోజులకి ఆ తలనొప్పి ఎందుకు అన్నాడు. ఆయన ఇంకోటి కూడా చెప్పినాడు, నేనే చెవిన పెట్టలేదు, అది తర్వాత వస్తాది.

మా వీధిలో మొబైల్ షాపు అన్న కడపాయన. పోతానే అడిగిన మొదటి మాట, "ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించినావా?" ప్యాక్ వేరు, రోమింగ్ సర్వీస్ వేరు అంట. సర్వీస్ ఆన్‌లో లేకుండా పోతే అక్కడ నెట్‌వర్కే పట్టదు, బ్యాంకు ఓటీపీలు గాల్లో కలుస్తాయి, అదీ ఇండియాలో ఉన్నప్పుడే చేసుకుంటే గొడవ లేదన్నాడు. నా ఫోన్‌లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టించి, ఫోన్ గుర్తింపు నంబరు ఐఎంఈఐ పక్కనే ఈఐడి అని 32 అంకెలు కనపడితే ఈసిమ్ పడుతుంది అన్నాడు. నాకు కనపడింది. అమ్మ ఫోన్‌లో లేదు, అది మూడేళ్ళ కింద దీపావళి ఆఫర్‌లో కొన్నది.

సరే, అమ్మకి ఆమె నంబరు మీదే రోమింగ్ ప్యాక్, 10 రోజులకి దాదాపు 3,000 రూపాయలు, 5 జీబీ, 100 నిమిషాలు. నేను మాత్రం తెలివిగా 1,100కి 10 జీబీ ఈసిమ్ తీసుకున్నా. జర్మనీది 1,100, యూరప్ మొత్తానిది 1,500 చిల్లర ఉండింది, పోయేది జర్మనీకే కదా యూరప్ మొత్తం నాకెందుకు అని తక్కువదే కొన్నా. క్యూఆర్ కోడ్ మెయిల్‌కి వచ్చింది, అదే ఫోన్‌లో ఉన్న కోడ్‌ని అదే ఫోన్‌తో ఎట్లా స్కాన్ చేసేది అని అయిదు నిమిషాలు బుర్ర గోక్కొని చివరికి ల్యాప్‌టాప్‌లో తెరిచి స్కాన్ చేసినా. ఇదంతా ఇంట్లో వైఫై ఉన్నప్పుడే చేసుకోవాల, దిగినాక చేసుకుందాం అంటే ఈసిమ్ దించుకోడానికే నెట్ కావాల. అమ్మకి మాత్రం నా 1,100 నీ 3,000 అని రోజుకి రెండుసార్లు లెక్క చెప్పినా. "నీకేం నాయనా, ఇంజనీరువి" అనింది.

ఫ్లైట్ తెల్లారుజామున. వాయువజ్ర బస్సులో హెబ్బాళ దాటేసరికే సగం నిద్ర, టెర్మినల్ 2లో వెదురూ వేలాడే మొక్కలూ చూసి అమ్మ ఇది ఎయిర్‌పోర్టా లాల్‌బాగా అనింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతానే నా ఈసిమ్ టక్కున పట్టింది, నా ఆనందం చూడాల. అయితే గూగుల్ తెరిస్తే ఏదో తెలీని భాష, తర్వాత తెలిసింది అది పోలిష్ అని, ఆ ఈసిమ్ కంపెనీ డేటాని పోలండ్ మీదుగా తిప్పుతా ఉందంట. పోనీలే అనుకొని యాప్‌లో ట్రైన్ టికెట్ బుక్ చేస్తే కార్డుకి ఓటీపీ అడిగింది. రాదు. మళ్ళీ పంపమన్నా. రాదు. ఎందుకొస్తాది, రోమింగ్ బిల్లు వస్తాదేమో అని భయపడి నా ఇండియా సిమ్‌నే మొత్తం ఆఫ్ చేసి పెట్టినా నేను! ఆఫ్ చేయాల్సింది సిమ్ కాదు, ఆ సిమ్ మీద డేటా రోమింగ్ ఒకటే. మన ఆపరేటర్ల దగ్గర రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌కి చాలావరకు డబ్బులు పడవు, ఫోన్ ఎత్తితేనే పడతాయి. సిమ్ ఆన్ చేసినాక ముందు రెండు స్వాగతం మెసేజ్‌లు, తర్వాత ఒక చీరల షాపు ఆఫర్, ఆ తర్వాత టైమ్ అయిపోయిన ఓటీపీలు రెండూ ఒకేసారి వచ్చినాయి. మా ట్రైన్ కళ్ళముందే పోయింది. ఈలోపల అమ్మ అక్కకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి "తమ్ముడు టికెట్టు తీస్తా ఉన్నాడు, ఇంకా తీస్తానే ఉన్నాడు" అని లైవ్ ఇస్తా ఉంది.

కార్ల్స్‌రూలో మారి బ్లాక్ ఫారెస్ట్ మధ్యలోంచి పోయే రైలు ఎక్కినాం. అడవీ, కొండలూ, ఒకదాని ఎనక ఒకటి సొరంగాలూ, సిగ్నల్ వచ్చేది పోయేది. ఆ దారిలో ఫోన్ చూసేవాడు పిచ్చోడు కాబట్టి మూసి జేబులో పెట్టుకున్నా.

కాన్‌స్టాన్జ్ గురించి కొంచెం చెప్పాల. బోడెన్‌సే అని పెద్ద సరస్సు, జర్మనీ స్విట్జర్లాండ్ ఆస్ట్రియా మూడు దేశాలకీ ఒడ్డు ఉంది. ఊర్లో నడుచుకుంటా పోతే క్రాయిట్స్‌లింగెన్ వస్తాది, అది స్విట్జర్లాండ్. సరస్సు ఒడ్డున బార్డర్ మీద ఉన్న కంచె తీసేసి ఆ గీత మీద 22 శిల్పాలు నిలబెట్టినారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఊర్లన్నీ రాత్రిళ్ళు దీపాలు ఆర్పేస్తే ఈ ఊరు మాత్రం స్విట్జర్లాండ్ మాదిరి దీపాలు వెలిగించుకొనే ఉండిందని, బాంబులేసే విమానాలు ఇదీ స్విట్జర్లాండే అనుకొని వదిలేసినాయని బావ చెప్పినాడు.

నా ఫోన్ కూడా ఆ విమానాల మాదిరే మోసపోయింది. అక్కావాళ్ళ వంటింట్లో ఉంటే జర్మనీ టవర్, బాల్కనీలోకి పోతే స్విస్ టవర్. మొదటి రాత్రే జర్మనీలో కూర్చొని పెరుగన్నం తింటా ఉంటే నా ఇండియా నంబరుకి స్విట్జర్లాండ్‌కి స్వాగతం అని మెసేజ్. బాల్కనీలో ఈసిమ్ నెట్ ఒక గీత ఉంటాది, ఒకసారి అదీ ఉండదు. అప్పుడు బావ "నేను ఫోన్‌లోనే చెప్పినా కదా" అన్నాడు. 2017 జూన్ 15 నుంచి ఈయూ, అంటే యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఒక దేశం సిమ్ ఇంకో దేశంలో అదనపు చార్జి లేకుండా నడుస్తాది, నార్వే ఐస్‌ల్యాండ్ కూడా అందులో కలిసినాయి గానీ స్విట్జర్లాండ్ ఈయూలో లేదు, దానికి ఆ రూల్ వర్తించదు. కొత్తలో ఆయన ఫోన్ స్విస్ టవర్ పట్టి ఒక నెల బిల్లు బాగా వాచిందంట, అప్పట్నుంచి సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి చేత్తో జర్మనీదే ఎంచి పెట్టుకున్నాడు.

ఇది వింటానే అమ్మ పకపకా నవ్వింది. "మన మడకశిరలో మిద్దె మీదికి పోతే కర్ణాటక టవరు పడతాదని మీ నాయన మెట్ల కింద నిలబడుకొని మాట్లాడేవాడు గుర్తుందా? ఒక్క ఫోన్ కాల్‌కి ఎంత కోసేవాళ్ళు అప్పట్లో!" నిజమే. మాకు మూడు పక్కలా కర్ణాటకే, రాష్ట్రం దాటితే రోమింగ్ పడే రోజులవి, బ్యాలెన్స్ ఎందుకు పోయిందో తెలీక నాయన కస్టమర్ కేర్‌తో కొట్లాడేవాడు. అట్లాంటి ఊర్లో పుట్టి పెరిగి నేను ఒక దేశం ఈసిమ్ కొనుక్కొని బార్డర్ ఊరికి వచ్చినా.

అసలు దెబ్బ రైన్ జలపాతం దగ్గర. అక్కా బావా డ్యూటీకి పోతే నేనూ అమ్మా జింగెన్‌లో రైలు మారి షాఫ్‌హౌజెన్ పోయినాం, అది స్విట్జర్లాండ్. 150 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల ఎత్తు, నీళ్ళు పచ్చగా భలే ఉన్నాయి, ఎత్తులో పెద్దగా లేదు గానీ ఆ హోరుకి మాట వినపడదు. హొగెనక్కల్‌లో అయితే చేపలు వేయించి ఇస్తారు, ఇక్కడ అదీ లేదు అని అమ్మ కంప్లైంట్. నా ఫోన్‌లో నో సర్వీస్. తిరుగు ట్రైన్ ఎప్పుడో తెలీదు, మ్యాప్ తెరుచుకోదు. అమ్మ ప్యాక్‌లో స్విట్జర్లాండ్ కూడా ఉంది కాబట్టి ఆమె ఒక చేత్తో సెల్ఫీలు, ఇంకో చేత్తో అవన్నీ ఫ్యామిలీ గ్రూపులో.

"మా, కొంచెం హాట్‌స్పాట్ ఇస్తావా?"

"ఎంతసేపు?"

"ట్రైన్ చూసుకుంటా, రెండు నిమిషాలు."

"నాది 3,000 ప్యాకు నాయనా, ఊరికే కాల్చద్దు" అని ఇచ్చి, రెండు నిమిషాలకి నిజంగానే ఆపేసింది.

సాయంత్రం బావ ఆ పక్కనే బ్యూసింగెన్ అని ఒక ఊరుందని చెప్పినాడు, జర్మనీదే కానీ చుట్టూరా స్విట్జర్లాండ్, దానికి రెండు దేశాల ఫోన్ కోడ్‌లూ ఉన్నాయంట. "మన పావగడ మాదిరి" అనేసింది అమ్మ, పావగడ కర్ణాటకది, చుట్టూ దాదాపు అంతా మన సీమే. అంత సులభంగా నాకు ఏ యూట్యూబ్ వీడియో చెప్పలేదు.

అమ్మ ప్యాక్‌లోనూ లోపం లేకపోలేదు. వచ్చే కాల్స్ కూడా ఆ 100 నిమిషాల్లోంచే పోతాయి. ఇండియాలో పది గంటలంటే అక్కడ ఆరున్నర, పొద్దున్నే పర్సనల్ లోన్ కావాలా మేడమ్ అని ఒక పిల్ల ఫోన్ చేస్తే ఈమె ఆ పిల్లది ఏ ఊరు, పెళ్ళైందా అని 11 నిమిషాలు మాట్లాడింది. చీటీ పాట ఫోన్ ఇంకో 20. ఆరో రోజుకి నిమిషాలు అయిపోయినాయి, ఆ తర్వాత అంతా వాట్సాప్ కాల్సే.

బెంగళూరు వచ్చిన మూడో రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకొని షాపు అన్న దగ్గరికి పోయింది. ప్యాక్‌లో రెండు జీబీ మిగిలిపోయింది, దానికి డబ్బులు వాపసు ఇస్తారా అని అడిగింది. అన్న నా మొహం చూసినాడు, నేను గోడకి తగిలించిన టెంపర్డ్ గ్లాసులు చూస్తా నిలబడుకున్నా.