నెట్ ఫిజిక్స్: భారీ అయాన్ చర్యలను ఒకే ప్రయోగంతో చదివిన తీరు

సీఎస్ఐఆర్ నెట్ (అధ్యాపక, పరిశోధన అర్హత పరీక్ష) ఫిజికల్ సైన్సెస్‌కు సిద్ధమవుతున్న మిత్రులు చాలామంది కేంద్రక భౌతికంలో షెల్ నమూనా, బీటా విఘటన వరకు చదివి, భారీ అయాన్ చర్యల (బరువైన కేంద్రకాలను ఢీకొట్టించే చర్యల) దగ్గర పుస్తకం మూసేస్తారు. పార్ట్ సీలో 30 ప్రశ్నలకు 20 రాస్తే చాలు, తప్పు జవాబుకు పాతిక శాతం కోత ఉంది కాబట్టి అది తెలివైన పనిగానే తోస్తుంది. కానీ కూలుంబ్ అవరోధం (ధనావేశ కేంద్రకాల మధ్య వికర్షణ అడ్డు), ద్రవబిందు నమూనా, భ్రమణ స్థాయిలు, గామా నియమాలు ఒకేచోట కలిసే అధ్యాయం ఇదే కనుక దీన్ని వదలడం నష్టమని నా అభిప్రాయం.

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని నేను అధ్యాయం మొత్తం వల్లె వేయలేదు. ఒక ప్రయోగాన్ని పట్టుకుని, కోణీయ ద్రవ్యవేగం ఎంత వచ్చింది, ఎలా పోయింది అని లెక్క కట్టాను. 1986లో ఇంగ్లండ్‌లోని డేర్స్‌బరీలో 205 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తి గల కాల్షియం-48ను పల్లాడియం-108 మీదికి పంపి, నాలుగు న్యూట్రాన్లు పోగా మిగిలిన డిస్ప్రోసియం-152లో సుమారు 60 హెచ్-బార్ల (కోణీయ ద్రవ్యవేగపు క్వాంటం ప్రమాణం) వరకు సాగే అతివిరూప (బాగా సాగిన ఆకారపు) భ్రమణ పట్టీని, అంటే భ్రమణ స్థాయిల వరుసను చూశారు. ద్రవ్యరాశి కేంద్ర చట్రంలో శక్తి దాదాపు 142 ఎంఈవీ. వ్యాసార్ధ స్థిరాంకం 1.4 ఫెర్మీ అనుకుంటే రెండు కేంద్రకాల మధ్య దూరం 11.75 ఫెర్మీ, అవరోధం సుమారు 113 ఎంఈవీ, మిగిలే 29 ఎంఈవీకి గరిష్ఠ కోణీయ ద్రవ్యవేగం దాదాపు 80 హెచ్-బార్లు వస్తుంది. అదే స్థిరాంకాన్ని 1.2గా తీసుకుంటే జవాబు 41కి పడిపోతుంది! కాబట్టి ప్రశ్నలో ఇచ్చిన వ్యాసార్ధ సూత్రాన్ని చూడకుండా ముందుకు వెళ్లకండి.

ఇక రెండూ కలిసి ఏర్పడిన కేంద్రకం విఘటన. ఒక్కో న్యూట్రాన్ బంధన శక్తితో కలిపి పది ఎంఈవీ దాకా పట్టుకుపోతుంది గానీ, కోణీయ ద్రవ్యవేగాన్ని ఒకటి రెండు హెచ్-బార్లకు మించి తగ్గించదు. అందుకే న్యూట్రాన్లు పోయాక కేంద్రకం వేడి తగ్గినా వడిగానే తిరుగుతూ యరాస్ట్ రేఖను (ఒక్కో కోణీయ ద్రవ్యవేగానికి అతి తక్కువ శక్తి స్థితుల రేఖను) సమీపిస్తుంది. అక్కడి నుంచి ఒక్కో ఈ2 (విద్యుత్ చతుర్ధ్రువ) గామా రెండేసి హెచ్-బార్లు తీసుకుపోతుంది. భ్రమణం మరీ ఎక్కువైతే విచ్ఛిత్తి అవరోధమే మాయమవుతుందని 1974లో కోహెన్, ప్లాసిల్, స్వియాటెకీ లెక్కగట్టారు. దాన్ని గణితంతో రాబట్టే తీరు పరీక్షకు అక్కర్లేదు, ఫలితం తెలిస్తే చాలు.

నాకు అన్నిటికన్నా నచ్చినది చివరి మెట్టు. ఆ పట్టీలో వరుస గామాల మధ్య తేడా 47 కేఈవీ, అంటే 0.047 ఎంఈవీ. నాలుగును ఆ తేడాతో భాగిస్తే జడత్వ భ్రామకం ఎంఈవీకి 85 హెచ్-బార్ వర్గాలు వస్తుంది. అదే ద్రవ్యరాశి గల దృఢ గోళానికి 60 మాత్రమే కనుక, కేంద్రకం బాగా సాగి ఉందని గామాల తేడా ఒక్కటే చెప్పేస్తుంది. ఈ మూడు లెక్కలను ఆక్సిజన్-16తో మరో లక్ష్యానికి మీరే వేసి చూడండి. బ్యాక్‌బెండింగ్ (భ్రమణ పట్టీలో జడత్వ భ్రామకం ఉన్నట్టుండి పెరగడం) వంటివి ఆ తరువాతే తెరవండి.