రెండు రోజుల లండన్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

లండన్ వస్తున్నాం, రెండు మూడు రోజులే ఉంటాం, ఎంతవుతుంది? మనవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ఇదే ప్రశ్న. అమెరికా నుంచి ఇండియా వెళ్తూ మధ్యలో దిగేవాళ్ళు, ఆఫీసు పని మీద వచ్చి వీకెండ్ కలిపేసుకునేవాళ్ళు, ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్న పిల్లల్ని చూడ్డానికొచ్చే అమ్మానాన్నలు, అందరూ డబ్బు లెక్కతోనే మొదలుపెడతారు. నేను మాత్రం గంటలు ఎన్నున్నాయని అడుగుతా. ఎందుకంటే ఈ ఊళ్ళో చూడాల్సినవి చాలావరకు ఫ్రీ, డబ్బున్నోళ్ళకీ లేనోళ్ళకీ అదే రోసెట్టా రాయి (బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పాత ఈజిప్టు శాసనం), అదే టవర్ బ్రిడ్జ్. తేడా వచ్చేదల్లా రాత్రి ఎక్కడ పడుకుంటారు, పొద్దున్నే అక్కణ్ణుంచి ఊళ్ళోకి రావడానికి ఎంతసేపు పడుతుంది అన్న దగ్గరే.

వీసా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే విజిటర్ వీసా ఉండాల్సిందే, చేతిలో గ్రీన్ కార్డ్ ఉన్నా సరే ఊరు చూడ్డానికి రావాలంటే వీసా కావాలి (ఊరికే విమానం మారి వెళ్ళిపోయేవాళ్ళకి ట్రాన్సిట్ రూల్స్ వేరు). అమెరికన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి 2025 జనవరి నుంచి ఈటీఏ అని ఆన్‌లైన్ పర్మిషన్ పెట్టారు, అది ఫోన్‌లోనే అప్లై చేసుకోవచ్చు. భార్యది ఒక పాస్‌పోర్టు, భర్తది ఇంకోటి, పిల్లలది మరోటి ఉన్న ఇళ్ళు ఇప్పుడు మనలో బోలెడు కదా, అలాంటివాళ్ళు ఎవరిది వాళ్ళకి విడిగా చూసుకున్నాకే టికెట్లు కొనండి.

ఇప్పుడు రూము. మొత్తం ట్రిప్పులో ఆలోచించాల్సిన ఖర్చంటే ఇదొక్కటే అని నా ఉద్దేశం. లండన్‌ని ట్యూబ్ (ఇక్కడి మెట్రో రైలు) వాళ్ళు జోన్లుగా విడగొట్టారు, జోన్ 1 అంటే నడిబొడ్డు, నంబర్ పెరిగేకొద్దీ ఊరి చివరికి పోతాం. బుకింగ్ సైట్‌లో రేటు తక్కువ నుంచి ఎక్కువకి పెట్టి వెతికితే ముందు వచ్చేవన్నీ జోన్ 4, 5 హోటళ్ళే. అక్కణ్ణుంచి రావడానికి గంట, పోవడానికి గంట, పైగా జోన్ దాటినందుకు ట్యూబ్ చార్జీ ఎక్కువ, మధ్యలో రూముకెళ్ళి కాళ్ళు చాపుకుందామన్నా కుదరదు. వారం ఉండేవాళ్ళకి ఆ లెక్క సరిపోతుందేమో గానీ రెండు రోజులకొచ్చి నాలుగు గంటలు రైల్లో కూర్చుంటే మీరు ఆదా చేసిందేంటి?

అలాగని జోన్ 1లోనే ఉండమని కాదు. మంచి లైన్ మీద ఉండే స్టేషన్ పక్కన ఉంటే చాలు. స్ట్రాట్‌ఫర్డ్ చూడండి, సెంటర్ కాదు, కానీ సెంట్రల్, జూబ్లీ, ఎలిజబెత్ లైన్లు, డీఎల్ఆర్ అనే లైట్ రైలు అన్నీ అక్కడికొస్తాయి, ఎలిజబెత్ లైన్ ఎక్కితే పది నిమిషాల్లో నడిబొడ్డున లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్లో ఉంటారు. ఇంకో కిటుకు, బ్యాంకులూ ఆఫీసులూ ఉండే "సిటీ" ఏరియాలో హోటళ్ళు వారం మధ్యలో ముట్టుకోలేం, అదే శని ఆదివారాలు ఆఫీసోళ్ళు ఉండరు కాబట్టి చాలాసార్లు రేట్లు దిగుతాయి, సెయింట్ పాల్స్ చర్చి పక్కనే పడుకున్నట్టుంటుంది. వేసవి సెలవుల్లో అయితే యూనివర్సిటీ హాస్టల్ గదులు కూడా టూరిస్టులకి అద్దెకిస్తారు, ఎల్ఎస్ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) వాళ్ళవి నడిబొడ్డునే ఉంటాయి. ఒంటరిగా వచ్చే కుర్రాళ్ళకి వైహెచ్ఏ అనే యూత్ హాస్టళ్ళలో ఒక బెడ్ చాలు, వాటిల్లో ఫ్యామిలీ రూములు కూడా ఉంటాయి.

ఎంత రేటు పెట్టినా బుక్ చేసేముందు రెండు చూడండి, లిఫ్ట్ ఉందా, ఏసీ ఉందా. పాత ఇళ్ళని హోటళ్ళుగా మార్చినవి చాలా ఉన్నాయి, ఫోటోలో భలే ముచ్చటగా ఉంటాయి, రూము మాత్రం నాలుగో అంతస్తులో ఉంటుంది, మెట్లేమో మనిషి పక్కకి తిరిగి ఎక్కాల్సినంత ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకొచ్చేవాళ్ళకి ఇది స్టార్ రేటింగ్ కంటే ముఖ్యం.

తిరగడానికి పాసులూ గీసులూ ఏం కొనక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ కార్డు గాని ఫోన్ గాని గేటు దగ్గర తాకించి వెళ్ళిపోవడమే, రోజుకి ఇంత అని ఒక క్యాప్ ఉంటుంది, అది దాటాక ఎంత తిరిగినా ఆ జోన్లలో ఇక కట్ అవ్వదు. కాకపోతే ఒక మనిషికి ఒక కార్డు, ఇద్దరు ఒకే కార్డు మీద పోలేరు. పొద్దున ఫోన్‌తో తాకించి సాయంత్రం అదే కార్డుని పర్సులోంచి తీసి తాకిస్తే సిస్టమ్ రెండిటినీ వేర్వేరుగా లెక్కేస్తుంది, క్యాప్ వర్తించదు, కాబట్టి దేంతో మొదలుపెడితే దాంతోనే ఉండండి. ట్యూబ్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి, బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే. బస్సుల్లో నోట్లూ చిల్లరా తీసుకోవడం 2014లోనే ఆపేశారు. పదకొండేళ్ళు నిండని పిల్లలకి పెద్దవాళ్ళతో ఉంటే బస్సూ ట్యూబూ ఫ్రీ. 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలుంటే మాత్రం వాళ్ళకి ఆయిస్టర్ కార్డు (డబ్బులు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) తీసుకుని స్టేషన్లో స్టాఫ్‌ని అడిగి యంగ్ విజిటర్ డిస్కౌంట్ వేయించుకోండి, సగం చార్జీ అవుతుంది. ఇండియా కార్డులైతే బ్యాంకు ఫారిన్ మార్కప్ అని అదనపు చార్జీ వేస్తుంది, ముందే పౌండ్లు నింపుకున్న ఫారెక్స్ కార్డుంటే అది వాడండి.

బడ్జెట్ తక్కువైతే ట్యూబ్ వదిలేసి బస్సెక్కండి. ఒకసారి తాకించాక గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే చార్జీ. 15 నంబర్ బస్సు టవర్ ఆఫ్ లండన్, సెయింట్ పాల్స్, ఫ్లీట్ స్ట్రీట్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా పోతుంది, 9 నంబర్ అయితే కెన్సింగ్టన్, ఆల్బర్ట్ హాల్, హైడ్ పార్క్ కార్నర్, పిక్కడిల్లీ. పై అంతస్తులో ముందు సీటు దొరికిందా, టూరిస్ట్ బస్సుకి పెట్టే డబ్బులు మిగిలినట్టే. సెంటర్లో చాలా స్టేషన్లు నడిచే దూరమే, లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కి ట్యూబెక్కే జనాన్ని చూస్తే నవ్వొస్తుంది, మధ్యలో దూరం 260 మీటర్లు.

ఇక చూసేవి. పెద్ద నేషనల్ మ్యూజియంలన్నిటికీ 2001 చివరి నుంచి ఎంట్రీ ఫీజు లేదు, స్పెషల్ ఎగ్జిబిషన్లకి తప్ప. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్, సౌత్ కెన్సింగ్టన్‌లో పక్కపక్కనే ఉండే నేచురల్ హిస్టరీ, సైన్స్, విక్టోరియా అండ్ ఆల్బర్ట్. అన్నీ చూద్దామనుకోవద్దు, ఒకటి గట్టిగా చూడండి. మనవాళ్ళకైతే నేను కళ్ళుమూసుకుని బ్రిటిష్ మ్యూజియం అంటా. రోసెట్టా రాయి దగ్గర జనం తోసుకుంటుంటారు, ఈజిప్టు మమ్మీల దగ్గర పిల్లల గోల, అవి కానిచ్చి రూమ్ 33ఏకి వెళ్ళండి. అమరావతి స్తూపం పలకలు అక్కడున్నాయి. అమరావతికెళ్తే మనకి కనిపించేది ఓ దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు, అంతే కదా, ఆ స్తూపం అసలు ఎలా ఉండేదో ఇక్కడి పలకల మీదే చెక్కి ఉంది, స్తూపం బొమ్మ స్తూపం మీదే అన్నమాట, గుమ్మం దగ్గర సింహాలు, పైన ఎగిరే దేవతలు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసు పంపితే అక్కణ్ణుంచి ఓడెక్కి లండనొచ్చాయి, మ్యూజియం చేతికి 1880లో చేరాయి. కోపమొస్తుందో గర్వమొస్తుందో మీ ఇష్టం, నాకు ఒక్కోసారి ఒక్కోటి వస్తుంది. శుక్రవారాలు రాత్రి 8:30 దాకా తెరిచుంటుంది, అప్పుడెళ్తే కాస్త ప్రశాంతంగా చూడొచ్చు, ఫ్రీ టికెట్ అయినా ముందే ఆన్‌లైన్లో టైమ్ స్లాట్ తీసుకోండి.

రెండోది కోహినూర్, దానికి మాత్రం టికెట్, అదీ చిన్నదేం కాదు. టవర్ ఆఫ్ లండన్‌లో, 1937లో క్వీన్ మదర్ (ఎలిజబెత్ రాణి అమ్మగారు) కోసం చేసిన కిరీటంలో ఉంది, వజ్రం 105 క్యారెట్ల పైన. మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకుంటాం కదా. ఫోటో తియ్యనివ్వరు, కిరీటాల ముందు కదిలే బెల్టు ఒకటి ఉంటుంది, దాని మీద నిలబడితే అదే తీసుకెళ్ళిపోతుంది, కావాలంటే మళ్ళీ తిరిగొచ్చి ఎక్కొచ్చు. డబ్బు పెట్టి ఒక్కటే చూస్తాం అంటే లండన్ ఐ కంటే ఇదే చూడమంటా, పదకొండో శతాబ్దపు రాజు విలియం ది కాంకరర్ కాలంలో మొదలైన కోట, సగం రోజు గడిచిపోతుంది. గేటు తెరిచే టైమ్‌కి ఉండి ముందు నగల దగ్గరికే పోండి, మిగతా కోట తర్వాత తీరిగ్గా. లండన్ ఐ 135 మీటర్లు, ఒక చుట్టు అరగంట, బాగానే ఉంటుంది, కానీ పైనుంచి ఊరు చూడ్డమే కావాలంటే హొరైజన్ 22 అని ఒక ఎత్తైన బిల్డింగ్ 58వ అంతస్తులో ఉంది, అది ఫ్రీ, ఇంకో బిల్డింగ్ పైనున్న స్కై గార్డెన్ కూడా ఫ్రీనే. రెండిటికీ ముందే బుక్ చేసుకోవాలి, తేదీ ఖాయమవగానే ఈ పని చూడండి, విమానం దిగాక చూద్దాంలే అంటే దొరకడం కష్టం.

బకింగ్‌హామ్ ప్యాలెస్ గార్డులు మారడం చూడాలని అందరికీ ఉంటుంది, నేనైతే వద్దంటా. పదకొండింటి దానికి పదింటికే గోడ కట్టినట్టు నిలబడతారు జనం, పూటంతా పోతుంది, కనపడేది ముందున్నాయన సెల్ఫీ స్టిక్. దాని బదులు హార్స్ గార్డ్స్ దగ్గర గుర్రాల మీద గార్డులు మారతారు, రోజూ 11కి, ఆదివారం 10కి, దగ్గర్నుంచి కనిపిస్తుంది. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చికి టికెట్ ఎక్కువనిపిస్తే సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థనకి వెళ్ళొచ్చు, డబ్బులుండవు, కానీ అది పూజ లాంటిది, ఫోటోలు తీసుకుంటూ తిరుగుతామంటే కుదరదు. ఒక సాయంత్రం మాత్రం ఏ ప్లానూ పెట్టకుండా వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జ్ నుంచి థేమ్స్ దక్షిణం ఒడ్డున టవర్ బ్రిడ్జ్ దాకా నడవండి, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, లండన్ ఐ, టేట్ మోడర్న్, షేక్‌స్పియర్ నాటకాల గ్లోబ్ థియేటర్, బరో మార్కెట్ అన్నీ దారిలోనే. మార్కెట్‌కి సోమవారం సెలవు.

తిండికి పెద్దగా చెప్పేదేం లేదు. మధ్యాహ్నం ఏ సూపర్ మార్కెట్లో అయినా మీల్ డీల్ అని శాండ్‌విచ్, చిప్స్, డ్రింక్ కలిపి ఇస్తారు, పార్కులో కూర్చుని తినేయండి. వెజిటేరియన్లకి యూస్టన్ స్టేషన్ దగ్గర ఇండియన్ హోటళ్ళుండే డ్రమ్మండ్ స్ట్రీట్ ఉంది. ఇడ్లీ దోసె లేకపోతే ప్రాణం పోయేవాళ్ళకి ఈస్ట్ హామ్ ఉంది గానీ దూరం, రెండు రోజుల ట్రిప్పులో దోసె కోసం ఒక పూట ఖర్చు చేస్తారా అన్నది మీరూ మీ ఆయనా తేల్చుకోండి. రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ చార్జ్, ఎక్కువ చోట్ల 12.5 శాతం, ముందే వేసేసి ఉంటుంది, చూసుకోకుండా మళ్ళీ టిప్ పెట్టొద్దు.

డబ్బుకి ఇబ్బంది లేనివాళ్ళు ఎక్కడ పెట్టాలి మరి? రాత్రి షో చూసి నడిచి వెళ్ళిపోగలిగే దూరంలో హోటల్, నాటకశాలలన్నీ ఉండే వెస్ట్ ఎండ్‌లో మంచి సీటు, ఎయిర్‌పోర్ట్ నుంచి వేగంగా వచ్చే రైలు. పగలు ట్యాక్సీ మాత్రం వద్దు, ట్రాఫిక్‌లో మీటరు తిరుగుతుంటే చూస్తూ కూర్చోడమే. షో చూడాలనుంది గానీ బడ్జెట్ లేదంటే లెస్టర్ స్క్వేర్లో టీకేటీఎస్ బూత్‌లో డిస్కౌంట్ టికెట్లు అడగండి, వేసవిలో గ్లోబ్ థియేటర్లో నిలబడి చూసే టికెట్లు ఇంకా చవక, కాళ్ళకి ఓపికుండాలి.

తేదీలు పెట్టుకునేముందు ఒకటి. డిసెంబర్లో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది, జూన్‌లో తొమ్మిది దాటినా వెలుతురే, కాబట్టి అదే రెండు రోజులు వేసవిలో దాదాపు రెట్టింపు. డిసెంబర్ 25న ట్యూబూ బస్సులూ అసలుండవు. వీకెండ్లలో ఏదో ఒక లైన్ రిపేరని మూసేస్తుంటారు, ముందురోజు రాత్రి టీఎఫ్ఎల్ (ట్యూబూ బస్సులూ నడిపే సంస్థ) సైట్‌లో చూసి పడుకోండి.

తిరిగి వెళ్ళేటప్పుడు హీత్రూ ఎయిర్‌పోర్ట్‌కి ట్యూబ్ పిక్కడిల్లీ లైన్ అన్నిటికంటే చవక, దాదాపు గంట పడుతుంది. ఎలిజబెత్ లైన్ అరగంట పైన, రేటు మధ్యస్తం. హీత్రూ ఎక్స్‌ప్రెస్ పాడింగ్టన్ నుంచి 15 నిమిషాలే గానీ ఖరీదు, ముందుగా కొంటే తగ్గుతుంది, అయినా మీ హోటల్ పాడింగ్టన్ దగ్గర లేకపోతే మిగిలిన టైమంతా అక్కడిదాకా రావడానికే పోతుంది. ఏదెక్కినా ప్లాట్‌ఫామ్ మీద బోర్డు చూడండి, టెర్మినల్ 4కి పోయే బండి 5కి పోదు.